పచ్చి గోడ

పిన్ని ఆ దుకాణంలోకి మెడలో కొలతల టేపుతోనే వెళ్ళిపోయింది. కుట్టుమిషను ముందు నుంచి లేచి అట్లాగే నాలుగు వీధులు నడిచి వచ్చింది కనుక అది మెడలో ఉన్న సంగతే గుర్తు లేదు. కౌంటరు వెనకనున్న కళ్ళద్దాలమ్మాయి ఆ టేపు వంక చూసి, ఇక్కడ బట్టలు దొరకవని చెప్పబోయి ఊరుకుంది.

"టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె కావాలమ్మా, పదేళ్ళ పిల్లకి" అంది పిన్ని.

"మీ పాపా అండీ?"

"అక్క కూతురు. శనివారం వస్తోంది. ఇక నా దగ్గరే ఉంటుంది."

"ఇదివరకు ఆడిందా?"

"ఆడేది. వాళ్ళమ్మతో."

ఆ తర్వాత పిన్ని టేపు కొసను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆ అమ్మాయి ఏం గ్రహించిందో, ఇంకేమీ అడక్కుండా రెండు పెట్టెలు తెచ్చి ముందు పెట్టింది.

"ఇది డిస్కు వేసేది, ఇది వెయ్యనిది. ఇంట్లో నెట్ బాగా వస్తే డిస్కు లేనిదే హాయి."

"పైన ఇంటివాళ్ళది వస్తుంది. మా వంటగదిలో నిలబడితే ఇంకా బాగా వస్తుంది."

"అయితే టీవీని వంటగదికి దగ్గరగా జరపండి" అని ఆ అమ్మాయి నవ్వింది. "మీకు ఆడటం వచ్చా?"

"నాకు కుట్టడం వచ్చు."

టీవీ వెనక ఎటువంటి రంధ్రం ఉండాలో ఆ అమ్మాయి కాగితం మీద గీసి చూపించింది. పైన వెడల్పు, కింద సన్నం. "చొక్కా జేబులా ఉంది" అంది పిన్ని. చేత్తో పట్టుకునే కంట్రోలరు ఒకటి పెట్టెతోనే వస్తుందంటే, రెండోది కూడా ఇమ్మంది. ఆట ఇద్దరిదన్నప్పుడు ఒకళ్ళు ఊరికే ఎందుకు కూచోవాలి? అంతా అయ్యాక టేపు తీసి పెట్టె పొడవూ ఎత్తూ కొలవడం మొదలుపెట్టింది.

"ఎందుకండీ?"

"గలీబు కుడతాను. దుమ్ము పడకుండా."

"అమ్మో, కప్పకండి! దానికి ఊపిరాడాలి. చుట్టూ జానెడు ఖాళీ వదలండి. ఇంకోటి, పాప వచ్చేలోపే ఒకసారి పెట్టి చూసుకోండి. కొత్త పెట్టె తెరవగానే ఆడనివ్వదు. అప్‌డేట్లని రెండు మూడు గంటలు తినేస్తుంది. ఆత్రంగా కూచున్న పిల్లల ముందు, ఎంతయిందో చూపే ఆ గీత పాకుతుంటే చూడలేం."

పెట్టెను పసిపిల్లలా రెండు చేతులా పట్టుకుని నడుస్తుంటే, పొద్దున ఫోనులో బావ అన్న మాట పిన్ని చెవిలో జోరీగలా తిరిగింది. "పిల్లతో పాటు ఆ ఆట పెట్టె కూడా పంపించు బావా" అని ఆమె అడిగింది. "అది అమ్మేశాను" అన్నాడు. అక్క పోయి ఇంకా రెండు నెలలు నిండలేదు.

శుక్రవారం సాయంత్రం పిన్ని టీవీ బల్లను వంటగది గుమ్మం దాకా లాగింది. చొక్కా జేబులాంటి రంధ్రాలు టీవీకి రెండున్నాయి. కేబులు రెంటికీ సరిపోయింది, తెర మాత్రం నల్లగానే ఉంది. కళ్ళద్దాలమ్మాయికి ఫోను చేస్తే, "టీవీ రిమోటులో ఇన్‌పుట్ అని ఉంటుంది, అది నొక్కుతూ పోండి, ఎక్కడో ఒకచోట పలుకుతుంది" అంది. మూడో నొక్కుకి తెర వెలిగింది. భాష అడిగింది, నెట్ అడిగింది, ఆ తర్వాత ఒక సన్నటి గీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. పిన్ని దాని ఎదురుగా కూచుని ఆ వారంలో ఇవ్వాల్సిన మూడు లంగాల అంచులు కుట్టేసింది. గీత ఇంకా సగంలోనే ఉంది. చేతులు ఊరికే ఉండలేక, యూనిఫారాలకు తెచ్చిన నీలం గుడ్డలో మిగిలిన ముక్కతో పెట్టెకు గలీబు కుట్టేసింది. ఆడనప్పుడు కప్పితే తప్పేముందని అనుకుంది.

గీత నిండాక తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. మీకు ఇదివరకే ఖాతా ఉందా? కొత్తది తెరుస్తారా?

పిన్ని కంట్రోలరు కింద పెట్టేసింది. ఆ జవాబు తనది కాదు.

శనివారం మధ్యాహ్నం బావ పిల్లను తీసుకొచ్చాడు. ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. ఒకప్పుడు నోరు మూసేది కాదు కనుక ఆ పేరు పెట్టారు. ఇప్పుడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. బావ తాపీమేస్త్రీ. గోళ్ళ చుట్టూ సిమెంటు ఎంత కడిగినా పోదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"బస్సుకి టైమైంది" అన్నాడు. గుమ్మం మెట్టు అంచున పెచ్చు లేచిన చోట చెప్పు కొసతో రుద్దాడు. "దీనికి కాస్త సిమెంటు పూయాలి. వచ్చే ఆదివారం వస్తాను కదా, అప్పుడు చూస్తా."

పిల్ల తల ఎత్తలేదు. నాన్న వెళ్ళిపోతుంటే వెనక్కి తిరిగి చూడలేదు. మెట్టు మీద ఉన్న శ్రద్ధ పిల్ల మీద లేదు మనిషికి అని పిన్ని మనసులో అనుకుని తలుపు వేసేసింది.

పిచ్చుక గదంతా కళ్ళతోనే చూసింది. బల్ల మీద నీలం గలీబు దగ్గర చూపు ఆగింది.

"దానికి గౌను కుట్టావా?"

"దుమ్ము పడుతుందనే."

"ఉక్కిరిబిక్కిరవుతుంది పిన్నీ." గలీబు తీసి, మడత పెట్టి, పక్కన పెట్టింది. వచ్చాక పిల్ల మాట్లాడిన మొదటి మాటలు అవే. కానీ ఆ మాటల్లో వాళ్ళమ్మ గొంతులోని విసురే ఉంది. పిన్ని వంటగదిలోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి నిలబడింది.

తిరిగి వచ్చేసరికి పిల్ల ఖాతా తెరిచేసింది. తెర మీద ఒక గుట్ట, గుట్ట మీద పసుపు గోడల ఇల్లు. చిన్న చిన్న దిమ్మెలు పేర్చి కట్టుకునే ఆట అది. తల్లీకూతుళ్ళు దాన్ని ఇటుకల ఆట అనేవాళ్ళు. ఇంటికి ఒక పక్క నేల మాత్రం పరిచి, గోడలు లేకుండా వదిలేసిన చోటు ఉంది.

"అదేంటి?"

"నా గది. అమ్మ కడతానంది."

"పెట్టె కొత్తది కదా, ఇల్లెట్లా వచ్చింది?"

"ఇల్లు పెట్టెలో ఉండదు పిన్నీ. ఎక్కణ్ణించి తలుపు తీసినా అదే ఇల్లు."

పిన్ని రెండో కంట్రోలరు తీసి పక్కన కూచోబోయింది. పిచ్చుక దాన్ని ఆమె చేతిలోంచి మెల్లిగా తీసుకుని, అట్టపెట్టెలో పెట్టి, మూత మూసింది. అందులో కోపం లేదు. కానీ ఆ మూత మూసిన తీరు పిన్నికి అర్థమైంది. ఈ పెట్టెతో పిల్లను తన ఇంటికి కుట్టేసుకుందామనుకుంది ఆమె. దారం ఇంకా సూదిలోకే ఎక్కలేదు.

ఆదివారం ఆరింటికి చప్పుడు విని లేచింది. పిల్ల తెర ముందు కూచుని ఉంది. వాళ్ళమ్మ పనికి వెళ్ళే ముందు రోజూ ఆ వేళకే ఆడేవాళ్ళట. తెర మూలన చిన్న ఆకుపచ్చ చుక్క, దాని పక్కన కోడి బొమ్మ, దాని కింద అక్షరాలు.

అమ్మకోడి: ఇప్పుడు ఆటలో ఉన్నారు.

అమ్మకోడి అక్క పెట్టుకున్న పేరు. పిల్ల పేరు కోడిపిల్ల.

"అదేంటే?" అంది పిన్ని.

"చూడు" అంది పిచ్చుక.

పిల్ల బొమ్మ దూరంగా చెట్ల మధ్య ఆగి ఉంది. అవతల పసుపు ఇంటి తలుపు తెరుచుకుంది. నీలం గౌను వేసుకున్న ఒక చిన్న మనిషి బయటికి వచ్చింది. అడుగు పడటం లేదు. రెండడుగులు వేస్తుంది, ఆగుతుంది. తలుపుకి గుద్దుకుంది. గోడను ఆనుకుని ఆనుకుని నడిచింది. ఉన్నట్టుండి ఆకాశం వంక చూస్తూ నిలబడిపోయింది, మళ్ళీ తల నేలకు వాలింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన తర్వాత చివరి పది రోజులూ అక్క అట్లాగే నడిచింది. మంచం నుంచి కిటికీకీ, కిటికీ నుంచి మంచానికీ, గోడ పట్టుకుని.

ఆ చిన్న మనిషి గోడలు లేని గది దగ్గరికి వెళ్ళి ఒక దిమ్మె పెట్టింది. చాలాసేపటికి ఇంకొకటి. ఆరున్నరకు చుక్క ఆరిపోయింది.

"దగ్గరికి వెళ్ళలేదేం?"

"వెళ్ళకూడదు" అంది పిల్ల. ఎందుకని అడిగే ధైర్యం పిన్నికి లేకపోయింది.

సోమవారం గోడ పూర్తయింది. మంగళవారం ఆ చిన్న మనిషి చేతిలో బకెట్టు ఉంది. పిన్ని తన ముక్కాలిపీట ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఆ మనిషి వీళ్ళకు వీపు పెట్టి, కట్టిన గోడ మీద నీళ్ళు పోసింది. నీళ్ళు జారి గడ్డిలోకి పోయాయి. బకెట్టు నింపుకొచ్చి మళ్ళీ పోసింది. పైనుంచి కింద దాకా, ఈ మూల నుంచి ఆ మూల దాకా. గోడకేమైనా మరకలున్నాయా అంటే లేవు. ఎన్నిసార్లు పోసినా ఇంకా ఏదో మిగిలినట్టు, ఆ మొహం లేని మనిషి గోడను తడుపుతూనే ఉంది.

"అక్కా" అంది పిన్ని, తనకే వినపడనంత మెల్లగా.

పిచ్చుక ఓరగా చూసింది.

బుధవారం కూడా అంతే. ఆ మధ్యాహ్నం పిన్ని సగం రోజు సెలవు పెట్టి మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళింది. కళ్ళద్దాలమ్మాయి మొత్తం విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మీ బావగారు లోపలివన్నీ చెరపకుండానే అమ్మేసి ఉంటారండీ. కొన్నవాళ్ళెవరో మీ అక్కగారి పేరుతోనే ఆడుకుంటున్నారు. ఇట్లాంటివి మేం చూస్తూనే ఉంటాం."

"ఎవరో అంటే?"

"ఎవరైనా కావచ్చు. కొత్తవాళ్ళే అయ్యుంటారు, మీరు చెప్పే నడకని బట్టి. పాపకి పాస్‌వర్డ్ తెలుసా?"

"ఒక నోటు పుస్తకం అట్ట వెనక రాసి ఉంది."

"దాన్ని మార్చేయండి. ఒక్క నిమిషం పని. ఆ పెట్టెలోంచి వాళ్ళు బయటికొచ్చేస్తారు, మళ్ళీ లోపలికి రాలేరు. లేకపోతే పాప రోజూ పొద్దున్నే వాళ్ళమ్మే వస్తోందనుకుంటుంది. అది మంచిది కాదు కదా."

మంచిది కాదు. దారి పొడుగునా పిన్ని ఆ మాటే అనుకుంది. తను చేతులారా అక్కకు కుట్టిన గౌను ఎవరో పరాయి మనిషి తొడుక్కుని, అక్క ఇంట్లో తిరుగుతున్నట్టుంది. తొడిగింది బావ. రేపే మార్చేయాలి. అయినా ఆ సాయంత్రం పుస్తకం తెరవలేదు. పొద్దున ఇంకొక్కసారి చూశాక అనుకుంది. తన కోసం కాదు, పిల్ల కోసమని కూడా అనుకుంది.

గురువారం చుక్క వెలగలేదు. ఆరయింది, ఆరున్నరయింది, ఏడయింది. గుట్ట మీద ఇల్లు ఒక్కటే ఉంది. పిచ్చుక బొమ్మ చెట్ల మధ్యే నిలబడి ఉంది. పిన్ని టీ చల్లారిపోయింది. పిల్ల మొహంలోకి చూస్తే చూడాల్సింది కనబడలేదు. అక్కడ దిగులు లేదు, చిరాకు ఉంది. దిగులు ఎవరిదో పిన్నికి అప్పుడు తెలిసింది. పిల్లను కాపాడాలని బయల్దేరిన మనిషి, నాలుగు రోజులుగా ఆ చుక్క కోసం లేస్తోంది.

ఇక చాలు. మధ్యాహ్నం ఇంటికి రాగానే మార్చేస్తానని, పుస్తకం సంచిలో వేసుకుని పనికి వెళ్ళింది.

కుట్టు దుకాణానికి ఎదురుగా రెండంతస్తుల ఇల్లు లేస్తోంది. ఆ రోజు పిన్ని ఒక పాత కోటు లోపలి గుడ్డ విప్పుతోంది. కుట్టు విప్పేటప్పుడు ఎవరి చెయ్యో తెలిసిపోతుంది. కొందరు దారం బిగిస్తారు, కొందరు కొస దగ్గర రెండుసార్లు వెనక్కి కుడతారు. కత్తెర మొనతో ఒక్కొక్క కుట్టూ తెంపుతూ తల ఎత్తింది. ఎదురింటి కాపలా ముసలాయన లావుపాటి పైపు పట్టుకుని, కొత్తగా కట్టిన గోడ మీద నీళ్ళు కొడుతున్నాడు. పైనుంచి కింద దాకా. ఈ మూల నుంచి ఆ మూల దాకా.

కత్తెర ఆగిపోయింది.

"పచ్చి గోడ కదా" అన్నాడు పక్క మిషను మీద కుట్టే దర్జీతాత, ఆమె చూపు చూసి. "నీళ్ళు పట్టకపోతే సిమెంటు పిండిలా రాలిపోతుంది. ఏం, ఇల్లు కడుతున్నావా ఏమిటి? ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. నువ్వింకా పెళ్ళే చేసుకోలేదు!"

పిన్ని నవ్వలేదు. కోటు ఒళ్ళో అట్లాగే ఉంది. ఇంటికి వెళ్ళాక కూడా సంచిలోని పుస్తకం తీయలేదు.

శుక్రవారం ఆరింటికి చుక్క వెలిగింది. ఆమె ఈసారి మనిషిని చూడలేదు, గోడను చూసింది. అక్క కట్టిన పాత గోడల్లో దిమ్మెలు నిలువుగా ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నాయి, గళ్ళ గుడ్డలా. ఆటలో ఎట్లా పెట్టినా నిలబడతాయి కదా. ఈ కొత్త గోడలో అట్లా లేదు. పొడుగు దిమ్మెలు ఏరి తెచ్చి, కింది వరసలో అతుకు ఎక్కడుందో పై వరసలో సరిగ్గా అక్కడ దిమ్మె నడుము వచ్చేలా పేర్చారు. పక్కన కర్రలు నిలబెట్టి పరంజా కూడా కట్టారు. ఆ చిన్న మనిషి పరంజా ఎక్కి, కిందపడి, లేచి, మళ్ళీ ఎక్కి పై వరసకు నీళ్ళు పోసింది. అక్క చెయ్యి కాదది. జబ్బుమనిషి నడకా కాదు. పుట్టి బుద్ధెరిగి కంట్రోలరు ముట్టుకోని మొరటు వేళ్ళు అవి.

"పిచ్చుకా, నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. తలుపుకి గుద్దుకున్నప్పుడే." పిల్ల తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "అమ్మ ఎప్పుడూ గుద్దుకోదు. నాన్నకి తలకాయ తిప్పడం రాదు, అందుకే నేను కనపడను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అమ్మ అనుకుంటున్నావు కదా. చెబితే ఏడుస్తావని."

పిల్లే మళ్ళీ అంది. "నాన్నకి చెప్పకు. చూస్తున్నామని తెలిస్తే సిగ్గుపడి మానేస్తాడు. నా గది ఆగిపోతుంది."

చెప్పినట్టే ఆదివారం బావ వచ్చాడు. చేతిలో తాపీ, చిన్న సంచిలో సిమెంటు. లోపలికి రాకుండా నేరుగా మెట్టు దగ్గర కూచుని, పెచ్చు గీకి, నీళ్ళు చల్లి, సిమెంటు పూసి, తాపీ వెనకభాగంతో నున్నగా లాగాడు. పిన్ని టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. ఎంతసేపు పని చేస్తే అంతసేపు పిల్ల మొహం చూడనక్కర్లేదన్నట్టు ఆ మనిషి అంచు మళ్ళీ మళ్ళీ లాగుతున్నాడు. పిచ్చుక తలుపు వెనక నిలబడి ఉంది. నాన్న ఫోను చేసిన వారం రోజులూ ఫోను దగ్గరికి రాని పిల్ల.

"నాన్నా" అంది తలుపు వెనక నుంచి.

తాపీ ఆగింది.

"కొత్త గోడకి ఎన్నాళ్ళు నీళ్ళు పట్టాలి?"

పని సంగతి కనుక బావ గొంతు తేలిగ్గానే వచ్చింది. "ఏడు రోజులు. ఎండ గట్టిగా ఉంటే పది. మధ్యలో ఒక్కరోజు మానినా నెర్రెలిస్తుంది."

"మరి గురువారం ఎందుకు పట్టలేదు?"

బావ తల ఎత్తలేదు. తడి సిమెంటు మీద తాపీ మొన దిగబడిపోయి, చేసిన పనంతా చెడింది. దాన్ని సరిచేయాలని కూడా తోచలేదు అతనికి.

"స్లాబు పోశాం ఆ రోజు" అన్నాడు చివరికి. "తెల్లారుజామున నాలుగింటికే పోవాల్సొచ్చింది." పిన్ని వైపు తిరిగి, మెట్టుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "అమ్మేశానని అబద్ధమాడాను అమ్మాయ్. ఆ పెట్టె ఇచ్చేస్తే దాంతోపాటు మీ అక్క ఇల్లు కూడా పోతుందనుకున్నా. ఊరందరికీ కట్టావు, నాకు టీవీలో నేనే కట్టుకోవాల్సొచ్చింది అనేది. గది ఒక్కటీ మిగిలిపోయింది. అది కట్టేసి, తర్వాత పిల్లని..."

"ఇల్లు పెట్టెలో ఉండదట బావా" అంది పిన్ని.

పిచ్చుక లోపలికి వెళ్ళింది. అట్టపెట్టె మూత తీసిన చప్పుడైంది. రెండో కంట్రోలరు తెచ్చి నాన్న మోకాలి మీద పెట్టింది. "కడుక్కుని రా. తలకాయ ఎట్లా తిప్పాలో చూపిస్తాను. అట్లా నేల చూసుకుంటూ పోతే గుమ్మం ఎట్లా పెడతావు?"

బావ కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడిగాడు. గోళ్ళ చుట్టూ ఉన్నది మాత్రం పోలేదు. ఇద్దరూ తెర ముందు కూచున్నారు. అతను ఆ పిడిని తాపీ పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. "అబ్బా, కుడి బొటనవేలు నాన్నా, కుడి!" అని పిల్ల అరిచింది. పిచ్చుక అనే పేరు ఎందుకు పెట్టారో ఆ ఇంటి గోడలకు అప్పుడు తెలిసింది.

"రేపటి నీళ్ళు?" అంది కాసేపటికి.

"నేను పడతాను, ఆరింటికి. నువ్వూ రా." అతను తడబడ్డాడు. "కప్పు వేశాక ఆ ఇంటికి... మన ఇంటికి కూడా."

పిన్ని వంటగది గుమ్మంలోంచి ఆ మాట విన్నది. పిల్ల వెళ్ళేది ఈ సాయంత్రం బస్సుకు కాదు, ఈ వారమూ కాదు. కానీ కప్పు ఎన్నాళ్ళు పడుతుంది ఒక గదికి? ఆమె మడత పెట్టి ఉన్న నీలం గలీబు తీసుకుని, కిటికీ దగ్గర కూచుని, కత్తెర మొనతో కుట్టు విప్పసాగింది. గుడ్డ ఎక్కడా చిరగకుండా, ఒక్కొక్క దారమే. నలుచదరపు ముక్క, కొత్తదే. ఒక పిల్ల గది కిటికీకి తెర అవుతుంది.